చింతగింజల పాచికలు

మొన్న దసరాకు మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వస్తూ ఒక పెద్ద అట్టపెట్టె తెచ్చాడు. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఆట అది. పేరు డైస్ ఫోర్జ్. 2017లో ఫ్రాన్సు వాళ్ళు తయారు చేశారట. దేవతలు, వీరులు, మాయా ద్వీపాలు, అంతా జానపద సినిమాలాగే ఉంది. మనిషికి రెండు పాచికలు ఇస్తారు. విచిత్రం ఏమిటంటే ఆ పాచికల ముఖాలు ఊడి వస్తాయి. ఆటలో సంపాదించిన బంగారంతో కొత్త ముఖాలు కొనుక్కుని, పాతవి పీకేసి వాటి స్థానంలో బిగించుకోవాలి. అంటే ఆడుతూ ఆడుతూ ఎవరి పాచికను వాళ్ళే తయారు చేసుకుంటారు. మరుసటి ఏడాది దీనికి రెబెలియన్ అనే విస్తరణ కూడా వచ్చిందట. అది వేరే పెట్టె, వేరే ధర.

"ఇట్లాంటి ఆట ఇంతకుముందు లేదమ్మా. పాచికను మనమే చేసుకునుడు!" అన్నాడు వాడు.

నాకు నవ్వొచ్చింది. పాచిక చేసుకోవడం మనకు కొత్తా?

మొహెంజొదారో తవ్వకాల్లో కాల్చిన మట్టితో చేసిన ఘనాకారపు పాచికలు దొరికాయి. వాటి మీద ఒకటి నుంచి ఆరు దాకా చుక్కలున్నాయి. వేదకాలానికి వచ్చేసరికి పాచిక చెట్టు మీదే కాసింది. తాండ్రకాయలతో జూదమాడేవారు. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయతో పాటు పడేది ఈ కాయే. ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం మొత్తం ఒక జూదరి గోడు. భార్య దూరమైంది, అత్త అసహ్యించుకుంటోంది, అప్పులవాళ్ళ భయం. అయినా పాచికల చప్పుడు వినబడగానే కాళ్ళు అటే పోతాయని ఏడుస్తాడు. చివరికి జూదం మాని సేద్యం చేసుకొమ్మని హితవు. డిగ్రీలో మా తెలుగు మేడం ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకో చివర చెప్తాను.

భారతంలో జూదం అందరికీ తెలిసిందే. నన్నయగారు సభాపర్వంలో దాన్ని తెనిగించి దాదాపు వెయ్యేళ్ళయింది. శకుని పాచికలు అతని తండ్రి ఎముకలతో చేసినవని మనం చిన్నప్పటి నుంచి వింటాం. ఆ కథ వ్యాసుడిలో లేదు, నన్నయలోనూ లేదు. జనం అల్లుకున్నది. కానీ ఎంత తెలివైన అల్లికో చూడండి. పాచిక ఎవరు చేశారో, దేనితో చేశారో అడగకుండా ఆడేవాడు ఓడిపోతాడని జనానికి తెలుసు. ధర్మరాజు చేసిన తప్పు అదే. ఎవరో చేసిన పాచికలతో, ఎవరో కట్టించిన సభలో, ఎవరో పెట్టిన షరతులకు కూర్చున్నాడు.

తర్వాత చరిత్రంతా రాజులదే. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ఆవరణలో రాతి నేల మీద పరిచిన పచ్చీసు పటం ఇప్పటికీ ఉంది. మైసూరును పాలించిన ముమ్మడి కృష్ణరాజ ఒడయరు తన శ్రీతత్త్వనిధి గ్రంథంలో కౌతుకనిధి అని ఆటల కోసమే ఒక భాగం పెట్టించాడు. మన పచ్చీసును చిన్నగా చేసి, గవ్వలు తీసేసి, ఘనాకారపు పాచిక పెట్టి, 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు తీసుకున్నారు. మన వైకుంఠపాళీ కూడా అట్లాగే సముద్రం దాటింది. రాక్షసుల పేర్లు, సద్గుణాల పేర్లు రాలిపోయి వట్టి పాములు, నిచ్చెనలు మిగిలాయి.

ఇన్ని చరిత్రల్లోనూ కనబడనిది ఒక్కటే, ఇంట్లో ఆడవాళ్ళు గచ్చు మీద గీసిన పటం. సాయంత్రం గీస్తే పొద్దున చీపురు తుడిచేస్తుంది. ఇక మ్యూజియంలో ఏం మిగులుతుంది? కానీ అష్టాచెమ్మా ఇన్ని తరాలు బతికింది రాతి పటాల మీద కాదు, ఈ తుడిచేసే గీతల మీదే.

మా రామకృష్ణాపూర్ క్వార్టర్లో అమ్మ పాచికలు ఇట్లా చేసేది. పెద్ద చింతగింజలు నాలుగు ఏరుకుని, ఒక్కోదాన్ని గుమ్మం ముందున్న బండ మీద ఒకవైపే తెల్లగా అయ్యేదాకా అరగదీసేది. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. నాలుగు గింజలు వేస్తే మొత్తం 16 రకాలుగా పడొచ్చు. అందులో ఒక తెలుపు నాలుగు రకాలుగా, రెండు తెలుపులు ఆరు రకాలుగా, మూడు తెలుపులు నాలుగు రకాలుగా వస్తాయి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. ఈ రెండూ ఒక్కో రకంగానే. అందుకే చెమ్మా పడితే నాలుగు, అష్టా పడితే ఎనిమిది ఇచ్చి, పైగా మళ్ళీ వేయమంటారు. ఈ లెక్క ఏ బళ్ళోనూ చెప్పకుండానే మా అమ్మకు చేతివేళ్ళకు తెలుసు. అరగదీసేటప్పుడు మేం చుట్టూ కూర్చునేవాళ్ళం కాబట్టి మోసమనే మాటే లేదు.

ఇప్పుడు మా ఇంటి విస్తరణ సంగతి.

మా బాపు బాయిల పనిచేసేవాడు. మంచోడే, కానీ పేకాట. జీతాల రోజు మొదటి షిఫ్టు దిగినవాడు దీపాలు పెట్టాక కూడా ఇల్లు చేరేవాడు కాదు. చేరినప్పుడు జేబు తేలిక. అమ్మ కొట్లాడి చూసింది, అలిగి చూసింది. ఒక జీతాల రోజు ముందటి సాయంత్రం మాత్రం ఏమీ అనకుండా సుద్దముక్క తీసుకుని ఎప్పటి అయిదు గళ్ళ పటానికి చుట్టూ ఇంకో వరస గీసింది. 25 గళ్ళు 49 అయ్యాయి. అయిదు గళ్ళ పటంలో కాయ పండటానికి 24 అడుగులు వేయాలి. ఏడు గళ్ళదైతే 48. ఆట రెండింతలన్నమాట.

బొగ్గుబెడ్డలు బాపు కాయలు, గాజుముక్కలు అమ్మవి. ఆ రాత్రి ఎవరి కాయా పండలేదు. "ఉండనీ, రేపు ఆడుదాం" అని అమ్మ పటం మీద గంప బోర్లించింది. ఇల్లు ఊడుస్తూ ఆ మూలను వదిలేసింది. మరునాడు జీతం. బాపు పొద్దు ఉండగానే వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "నా కాయ ఎవరన్న జరిపిండ్రా?" అన్నాడు.

పేకాట పూర్తిగా మానాడని చెప్తే అబద్ధం. అప్పుడప్పుడూ పోయేవాడు, పోగొట్టుకునేవాడు. కానీ జీతాల సాయంత్రాలు ఎక్కువ ఇంట్లోనే గడిచాయి. అమ్మ పెట్టిన షరతు ఒక్కటే, పటం మీద పైసా పెట్టొద్దు. ఆ షరతును బాపు ఎన్నడూ దాటలేదు.

ఋగ్వేదంలో ఆ జూదరి భార్య తన మాట చెప్పదు, భర్తే చెప్తాడు. క్లాసులో నేను నవ్వకపోవడానికి కారణం అదే. ఆమె చేతిలో నాలుగు చింతగింజలు ఉంటే ఏం చేసేదోనని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

అబ్బాయి ఆట బాగుంది, కాదనను. ముఖాలు పీకి బిగించడం నాకూ సరదాగానే ఉంది. రెండుసార్లు ఓడిపోయాను. తర్వాత వంటింట్లోకి పోయి, చింతపండు డబ్బాలో అడుగున ఉన్న గింజలు నాలుగు ఏరి వాడి చేతిలో పెట్టాను.

"బయట బండ ఉంది. అరగదియ్ పో" అన్నాను.