ఉత్తర సముద్ర మార్గం

రష్యా ఉత్తర తీరం వెంబడి కారా జలసంధి నుంచి బేరింగ్ జలసంధి వరకు సాగే ఓడల దారి. పొడవు సుమారు 5,600 కిలోమీటర్లు. యూరప్ నుంచి పసిఫిక్‌కు ఈ దిశగా మొదట చేరినవాడు అన్వేషకుడు నార్డెన్‌షల్డ్. 1878లో బయలుదేరిన ఆయన ఓడ ‘వేగా’ బేరింగ్ జలసంధికి చేరువలోనే మంచులో చిక్కుకుని దాదాపు పది నెలలు కదల్లేదు. చలికాలానికి ఆగకుండా ఒకే వేసవిలో దాటిన తొలి ఓడ ‘సిబిర్యకోవ్’ (1932). అదీ చివర్లో ప్రొపెల్లర్ పోగొట్టుకుని, టార్పాలిన్లను తెరచాపలుగా కట్టుకుని గట్టెక్కింది!

ఏటా సెప్టెంబరులో ఆర్కిటిక్ సముద్రపు మంచు కనిష్ఠానికి దిగుతుంది. 2012లో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు కుంచించుకుపోయింది. 2017లో ‘క్రిస్టోఫ్ డి మార్జెరీ’ అనే గ్యాస్ ట్యాంకర్, మంచు పగలగొట్టే ఓడ తోడు లేకుండానే నార్వే నుంచి దక్షిణ కొరియాకు 19 రోజుల్లో చేరింది.

సూయజ్ కాలువ దారితో పోలిస్తే రోటర్‌డామ్–యొకోహామా దూరం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. అయితే దగ్గరి దారి అన్న మాట సగమే నిజం. ఈ మార్గంలోని సన్నికోవ్ జలసంధి లోతు తక్కువ. భారీ కంటైనర్ ఓడలు అందులో పట్టవు. పొగమంచు, తేలే మంచుగడ్డలు, మరమ్మతుకు రేవుల కొరత సరేసరి. ఇక్కడ సాగే సరుకులో అధిక భాగం రష్యా చమురు, గ్యాసే.