ఆయుర్దాయమూ ఒక అర్హతే: జీవిత సాఫల్య పురస్కారాలు – తెలుగు సినిమా చరిత్ర

సినిమా చరిత్ర రచనలో పురస్కార గ్రహీతల జాబితాను ప్రతిభకు కొలమానంగా స్వీకరించడం పరిపాటి. జీవిత సాఫల్య పురస్కారాల విషయంలో ఈ పద్ధతిని పునఃపరిశీలించవలసి ఉంది.

భారత ప్రభుత్వం 1969లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని నెలకొల్పేనాటికి ఫాల్కే మరణించి పాతికేళ్లయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980 నుంచి ఇస్తూ వచ్చిన పురస్కారానికి రఘుపతి వెంకయ్య పేరు పెట్టారు. మద్రాసులో గెయిటీ థియేటర్‌ను నిర్మించిన ఆయన 1941లోనే కన్నుమూశారు. ఎవరి పేరిట ఈ గౌరవాలు ఏర్పడ్డాయో వారిద్దరికీ జీవించి ఉండగా అటువంటి గౌరవం దక్కలేదు.

తెలుగు చిత్రసీమ నుంచి బి.ఎన్.రెడ్డి (1974), ఎల్.వి.ప్రసాద్ (1982), బి.నాగిరెడ్డి (1986), అక్కినేని నాగేశ్వరరావు (1990), డి.రామానాయుడు (2009), కె.విశ్వనాథ్ (2016) ఫాల్కే పురస్కారం పొందారు. అందరూ నిర్మాతలు, దర్శకులు, నటులే. ఇందుకు ‘మాయాబజార్’ (1957) బృందం మంచి ఉదాహరణ. నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డికీ, అభిమన్యుడి పాత్రధారి నాగేశ్వరరావుకూ ఆ గౌరవం దక్కింది. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో, దర్శకుడు కె.వి.రెడ్డి 1972లో, ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు 1974లో, మరో నిర్మాత చక్రపాణి 1975లో మరణించారు. ఈ వ్యత్యాసాన్ని ప్రతిభాభేదంగా వ్యాఖ్యానించడం సాహసమే అవుతుంది.

అయితే ఆయుర్దాయం ఒక్కటే కారణమనీ చెప్పలేం. అదే చిత్రానికి వెన్నెలను సృష్టించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే 1993 వరకు జీవించారు. నటి, గాయని, దర్శకురాలు, నిర్మాత, రచయిత్రి అయిన భానుమతి 2005 వరకు ఉన్నారు. వీరిద్దరికీ ఫాల్కే పురస్కారం రాలేదు. ఛాయాగ్రహణానికి ఆ గౌరవం తొలిసారి వి.కె.మూర్తి ద్వారా 2008కి గాని దక్కలేదు. ‘మన దేశం’ (1949) నిర్మించి ఎన్.టి.రామారావును తెరకు పరిచయం చేసిన సి.కృష్ణవేణి విషయంలో రాష్ట్ర పురస్కారమే ఆ లోటును కొంత పూరించింది. అదీ 2004లో, అంటే యాభై అయిదేళ్లకు.

జాబితాలో చిక్కు పెట్టే పేరు పైడి జైరాజ్. కరీంనగర్‌లో పుట్టి హిందీ చిత్రసీమలో స్థిరపడిన ఆయనకు 1980 సంవత్సరపు ఫాల్కే పురస్కారం లభించింది. జన్మస్థలాన్ని బట్టి లెక్కిస్తే ఎల్.వి.ప్రసాద్ కంటే ముందువారు. చిత్రభాషను బట్టి చూస్తే జాబితాలోనే ఉండరు. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ సినీ పురస్కారాలతో పాటు ఆయన పేరిట ఒక గౌరవాన్ని ఏర్పాటు చేసి, మణిరత్నానికి అందించింది. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన చిత్రం ‘గీతాంజలి’ (1989) ఒక్కటే.