డాబాకు చలువ: గుంటూరు సీమలో సున్నపు చరిత్ర

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని పెద్దల మాట. గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నల్లరేగడి మైదానములలో నివసించువారికి ఈ మాట అతిశయోక్తిగా తోచదు. పత్తి తీసి, మిరప కోసిన చేలలో నప్పటికి నీడనిచ్చు మొక్క యుండదు. నల్లని నేల పగలెల్ల ఎండను పీల్చి, ప్రొద్దు గ్రుంకిన పిమ్మటను సెగలు గ్రక్కుచుండును. కల్లములో మిరపకాయ యెండుటకు ఈ యెండయే కావలెను. కాని ఆ కల్లములో పనిచేసి వచ్చిన మనిషికి రాత్రి నిద్రించుటకు చల్లని చోటు కావలెను. మేడయున్న యింట ఆ చోటు డాబాయే. దానిని చల్లగా నుంచుటకు మనవారు చేసిన యత్నముల చరిత్రను సంగ్రహముగా చెప్పదలచితిమి.

తాటాకు కప్పు మిక్కిలి చల్లనిది. కాని నిప్పు భయము దానిని విడువదు. దానిపై కాలు మోపుటకును వీలుకాదు. పలనాటను, మార్కాపురము, గిద్దలూరు వైపునను ప్రజలు మిద్దెలు కట్టుకొనిరి. దూలములపై దంతెలు పరచి, వానిపై మట్టి మందముగా పోసి, పైన చవుడు చల్లుదురు. చవుడు వాననీటిని దిగనీయదు. మట్టి మందము వలన మధ్యాహ్నపు వేడి లోనికి దిగుటకు చాల గంటలు పట్టును. ఈ లోపల ప్రొద్దు గ్రుంకును.

కలిగినవారి యిండ్లలో మద్రాసు టెర్రసు అనబడు డాబా వ్యాపించినది. టేకు దంతెలపై ఇటుకలను నిలువుగా నేటవాలున పేర్చి, వానిపై ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటు పోసెడివారు. సున్నమును ఎద్దుల గానుగలో ఇసుకతో నూరెడివారు. బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయము చిలుకరించుచు, కూలివారు వరుసగా కూర్చుండి కొయ్య పలకలతో దినముల తరబడి కొట్టెడివారు. ఇట్లు జానెడు మందమున సిద్ధమైన గచ్చుపై ఏటేట వేసవికి ముందు తెల్లసున్నము పూసెడివారు. పలనాటి పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందినది. సముద్రతీరమున గుల్లసున్నము దొరకెడిది.

ఇందలి శాస్త్రము సులభము. తెల్లని సున్నము ఎండలో నధిక భాగమును వెనుకకు త్రిప్పి పంపును. లోనికి వచ్చిన కొద్ది వేడిని ఇటుక, సున్నముల మందము ఆలస్యము చేయును. సాయంకాలము బిందెలతో నీళ్లు చల్లినచో, ఆవిరియగు నీరు మిగిలిన వేడిని కొనిపోవును. పిమ్మట చాపలు పరచినను, నులక మంచములు వేసినను సుఖనిద్ర పట్టెడిది.

తరువాత సిమెంటు వచ్చినది. 1958లో మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము వెలసినది. అనగా, పూర్వము సున్నమునిచ్చిన పలనాటి రాయియే సిమెంటును కూడ నిచ్చినది. నాలుగైదు అంగుళముల స్లాబు త్వరగా లేచును, చెదపట్టదు, దూలములు అక్కరలేదు. ఈ లాభములు కాదనరానివి. కాని పలుచని కాంక్రీటు పగటి వేడిని దాచి రాత్రి గదిలోనికి విడుచును. చీమకుర్తి నల్లరాయి దేశదేశములకు ఎగుమతియైన కీర్తి మన కున్నను, ఎండ పడు అరుగునకు ఆ రాయి పరచినచో మధ్యాహ్నము కాలు మోపలేము. ఇక బీదవాని రేకుల కప్పునకు మందమును లేదు, తెలుపును లేదు.

ఈ మార్పుతో బాటు కాలము గూడ కఠినమైనది. 2003 వేసవి వడగాడ్పులకు ఆంధ్రప్రదేశములో వెయ్యిమందికి పైగా మరణించిరి. 2015లో విభజనానంతర ఆంధ్రప్రదేశమున మరల వెయ్యిమందికి పైగా మృతులైరి. వడదెబ్బ పగటి పనివలననే కలుగునని తలచుట చాలదు. రాత్రి యింట చల్లబడని దేహము మరునాటి యెండను తాళలేదు.

అందుచేతనే పాత విద్య క్రొత్త పేరుతో మరల వచ్చుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2023లో, 2028 వరకు వర్తించునట్లుగా, చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది. తిరుమల మాడవీధులలో భక్తుల పాదములు కాలకుండ తెల్లని చలువరంగు పూయుదురు. ఆధునిక శాస్త్రజ్ఞులు కొలమానములతో చెప్పునదియు, మన తాపీ మేస్త్రీలు అనుభవముతో నెరిగినదియు ఒక్కటే.

అయితే పాత పద్ధతిలో మరువరాని అంశము రంగు కాదు, ఏటేటి శ్రద్ధ. దుమ్ము కప్పిన సున్నము ఎండను త్రిప్పదు. వానకు కరిగిన పూతను మరల వేయవలెను. పూర్వము సంవత్సరమున కొక్కసారి ఇల్లంతయు పూనుకొని చేసెడి పనిని, స్లాబు వచ్చిన పిదప అనవసరమని మానితిమి. మిరపకాయ లారబోయుటకు కొంత స్థలము విడిచి, శయనగృహము పైభాగమునకైనను ఫాల్గుణములో రెండు పూతలు వేసినచో ఖర్చు స్వల్పము. స్వగృహముతో నాగక, రేకుల క్రింద నివసించు కూలివాని కప్పునకు గూడ ఆ పూత అందునట్లు గ్రామములు చూడవలెను. మన పంటను ఎండించు సూర్యుడు పంట పండించినవానిని ఎండింపకుండుటకు ఇంతకంటె చవుకయైన ఉపాయము వేరొకటి మాకు తోచుట లేదు.