గిన్నె కూడా నేరమేనా? అమీర్‌పేట హాస్టల్ నుంచి ధవళేశ్వరం ఫ్యాక్టరీ దాకా ఒక మాష్ టన్ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక జగ్గుతో మొదలుపెడతాను. ఫంక్షన్లలో మజ్జిగ పోసి పెడతారు చూడండి, కింద కుళాయి ఉండే పెద్ద ప్లాస్టిక్ జగ్గు. చల్లనివి పోస్తే చల్లగా, వేడివి పోస్తే వేడిగా గంటల తరబడి అలాగే ఉంచుతుంది. అలాంటి 20 లీటర్ల జగ్గు ఒకటి కొన్నేళ్ల క్రితం అమీర్‌పేటలో మా హాస్టల్ రూమ్‌కి వచ్చింది.

ఇప్పుడు ఏఏఏ సినిమాస్ ఉన్న చోట అప్పట్లో సత్యం థియేటర్ ఉండేది. దాని వెనక సందుల్లో ఒక హాస్టల్, ఒక్క రూమ్‌లో నలుగురం. పొద్దున రోడ్డు పక్క బండి మీద రాగి జావ, ఆ తర్వాత క్లాసులో కోర్ జావా. అదీ మా జీవితం. మా రూమ్మేట్‌ది ధవళేశ్వరం. ఒకరోజు రాత్రి వాడు యూట్యూబ్‌లో ఒక అమెరికన్ తన గ్యారేజ్‌లో బీర్ చేసుకోవడం చూశాడు. అంతే, పిచ్చి పట్టింది. జగ్గు కొన్నాడు. పంజాగుట్ట వెళ్లి స్టీలు సామాన్ల షాపులో జగ్గు అడుగున సరిపోయే చిల్లుల పళ్లెం ఒకటి, పలచటి గుడ్డ ఒక మీటరు, ఒక థర్మామీటర్ తెచ్చాడు. పళ్లెం అడుగున పెట్టి, పైన గుడ్డ పరిచి, కుళాయి తిప్పి చూపించి, "మాష్ టన్ రెడీ రా" అన్నాడు.

వార్డెన్ ఆంటీ వచ్చి చూసింది. "ఏం బాబూ, గుడుంబా కాస్తున్నారా?"

"కాదాంటీ, ఇది మాష్ టన్."

"అదేందో నాకు తెల్వదు. రేపు పొద్దుగాల్ల వరకు రూమ్‌ల ఉండొద్దు."

మేమంతా ఒకటే నవ్వు. కానీ పక్క రూమ్‌లో లా చదివే అన్న ఒకాయన మాత్రం నవ్వలేదు. "గింజ కూడా కొనలేదు కదన్నా" అని మావాడు అంటే, "గింజ దాకా ఎందుకు, ఆ పని కోసం గిన్నె పెట్టుకున్నా కేసే" అన్నాడు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. గిన్నె నేరం ఎలా అవుతుంది? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ప్రశ్నే.

ముందు ఆ గిన్నె ఏం చేస్తుందో చూద్దాం. అన్నం ముద్ద మింగకుండా నములుతూ ఉండండి, కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొడుతుంది. మొలకెత్తే గింజలో కూడా అమైలేజ్ పుడుతుంది. బార్లీని నానబెట్టి, మొలక కాస్త రాగానే ఎండబెట్టి ఆపేస్తే అదే మాల్ట్. దాన్ని బరకగా మరాడించి, కిలోకి సుమారు 3 లీటర్ల లెక్కన వేడి నీళ్లు కలిపి, 62 నుంచి 70 డిగ్రీల మధ్య ఒక గంట ఉంచితే పిండి చక్కెర అవుతుంది. ఈ పనినే మాషింగ్ అంటారు. వేడి తగ్గితే పని నత్తనడక. 80 డిగ్రీలు దాటితే ఎంజైమ్ చచ్చిపోతుంది. కాబట్టి మాష్ టన్ అంటే రాకెట్ సైన్స్ కాదు. వేడిని గంటసేపు పట్టి ఉంచే పాత్ర, అడుగున పిప్పిని ఆపే జల్లెడ, తియ్యటి రసం దిగే కుళాయి. అంతే. ఆ రసంలో ఈస్ట్ పడితేనే ఆల్కహాల్. అంటే మాష్ టన్‌లో జరిగే పనిలో మత్తు లేదు. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాను.

థర్మామీటర్ లేని కాలంలో ఏం చేసేవాళ్లు? ఇంగ్లండ్‌లో మరిగిన నీళ్లని తొట్టిలో పోసి, ఆవిరి పలచబడి నీళ్లలో తమ ముఖం కనబడే దాకా ఆగేవాళ్లు. ముఖం కనబడితే గింజ వేసే టైమ్ అయినట్టు. 1760ల దగ్గర జేమ్స్ బేవర్‌స్టాక్ అనే కుర్ర బ్రూవర్ థర్మామీటర్ వాడటం మొదలుపెట్టాడు. వాళ్ల నాన్నకి ఈ కొత్త వేషాలు నచ్చవని దాన్ని దాచిపెట్టి వాడేవాడట. అసలు గింజలో ఏం జరుగుతోందో 1833లో గానీ తేలలేదు. పాయెన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచ్ కెమిస్టులు మాల్ట్ నుంచి ఆ పదార్థాన్ని వేరు చేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనిషి వేరు చేసి పేరు పెట్టిన మొదటి ఎంజైమ్ అదే. మీరు బయాలజీలో ఎంజైమ్ పేర్ల చివర "ఏజ్" అని చదివారే, ఆ తోక ఇక్కడి నుంచే వచ్చింది.

మరి మన దగ్గర ఈ గిన్నె ఎందుకు లేదు? అవసరం పెద్దగా రాలేదు కాబట్టి. తాటి చెట్టు, ఈత చెట్టు చక్కెరని రెడీమేడ్‌గా ఇస్తాయి. లొట్టిలో కల్లు దిగుతుండగానే పులవడం మొదలవుతుంది. ఇప్పపువ్వులో చక్కెర ఉంది. బెల్లంలో ఉండేదే చక్కెర. మాషింగ్ గింజతో చేసేవాళ్లకే కావాలి. కొరాపుట్, అరకు వైపు కొండల్లో రాగి పిండి, బియ్యప్పిండితో చేసే లందా ఉంది కానీ, మైదానంలో కల్లుదే రాజ్యం. బీర్ మన దగ్గరికి దండుతో వచ్చింది. 1806లో సికింద్రాబాద్ పేరుతో ఏర్పడిన కంటోన్మెంట్ అమీర్‌పేటకి కొన్ని కిలోమీటర్ల దూరమే. అక్కడి తెల్ల సైనికుల కోసం పీపాల్లో, ఓడల మీద వచ్చిన సరుకు అది.

ఇప్పుడు గిన్నెకీ ప్రభుత్వానికీ ఉన్న గొడవ. ఇది నిన్నమొన్నటిది కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడు అని ఒక అధికారి ఉంటాడు, ఇప్పటి ఎక్సైజ్ కమిషనర్ లాగా. మద్యం తయారీ, అమ్మకం అంతా ఆయన చేతిలో. కానీ అదే పుస్తకంలో ఒక సడలింపు ఉంది. ఇంట్లో శుభకార్యానికి తెల్ల సుర, మందు కోసం అరిష్టం కుటుంబాలు చేసుకోవచ్చు. ఉత్సవాలు, జాతరలప్పుడు నాలుగు రోజులు అనుమతి. అంటే రాజు ఖజానా ఒకవైపు, ఇంటి గిన్నె ఒకవైపు, మధ్యలో ఒక గీత.

ఆ గీత ఒక్కో దేశంలో ఒక్కోసారి జరిగింది. బ్రిటన్‌లో 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్ట్ మీద పన్ను తీసేసి బీర్ మీద వేసింది. దాంతో ఇంట్లో చేసుకునేవాళ్లకీ లైసెన్స్ తప్పనిసరి అయింది. 1963లో ఆర్థిక మంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశాడు. అమెరికాలో 1933లో మద్య నిషేధం పోయినా ఇంటి బీర్‌కి మాత్రం అనుమతి రాలేదు. 1978 అక్టోబర్ 14న ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ సంతకం పెట్టాకే దారి తెరుచుకుంది. పెద్దవాళ్లు ఇద్దరుండే ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే సుమారు 757 లీటర్లు, అమ్మకూడదు అనే షరతుతో.

అక్కడే చార్లీ పపాజియన్ వస్తాడు. న్యూక్లియర్ ఇంజినీరింగ్ చదివి, కొలరాడోలోని బౌల్డర్‌లో స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. 1984లో వచ్చిన ఆయన పుస్తకంతో ఒక చవక పరికరం పాపులర్ అయింది. రెండు ప్లాస్టిక్ బకెట్లు, ఒకదాంట్లో ఒకటి. లోపలి బకెట్ అడుగున డ్రిల్‌తో వందల చిల్లులు. అదే జల్లెడ. తన ఇంటిపేరునే తిరగేసి దానికి "జపాప్" అని పేరు పెట్టాడు. తర్వాత జనం పిక్నిక్ కూలర్లు, కుళాయి జగ్గులు వాడారు. ఆస్ట్రేలియా వాళ్లు ఇంకా సింపుల్ చేశారు, పెద్ద గిన్నెలో ఒక గుడ్డసంచి. మా రూమ్మేట్ జగ్గు ఈ వంశంలోదే.

మన దగ్గర కథ వేరు. మద్రాసు వైపు 1886లో అబ్కారీ చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో, హైదరాబాద్ అబ్కారీ చట్టం వచ్చింది. పల్లెటూళ్లలో ఎక్సైజ్ స్టేషన్‌ని ఇప్పటికీ "ఆబ్కారీ" అనే అంటారు కదా, ఆ మాట అప్పటిదే. స్వాతంత్ర్యం తర్వాత మద్యం రాష్ట్రాల జాబితాలోకి వెళ్లింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది, 2014 తర్వాత తెలంగాణ కూడా దాన్నే తీసుకుంది. అందులో లైసెన్స్ లేకుండా తయారు చేయడమే కాదు, తయారీ కోసం సామగ్రి, పాత్ర, పనిముట్టు దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. లా అన్న చెప్పింది కరెక్ట్. నల్లబెల్లం, పటిక మూటలు పట్టుకుని కేసులు పెట్టడం మీరు వార్తల్లో చూసే ఉంటారు. అదే లాజిక్. వస్తువు అమాయకమే, అది ఏ పని కోసం ఉందన్నదే ప్రశ్న.

ఇక్కడ "ఇదంతా ఖజానా కోసమే బ్రో" అని తేల్చేయడం ఈజీ. కానీ పూర్తి నిజం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడ్డారు. మొగుడి కూలి డబ్బు సారాకి పోతుంటే పిల్లల కంచంలో మెతుకు లేని ఇళ్లు అవి. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ ప్రభుత్వంలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో అది సడలింది, సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది. కాబట్టి మన చట్టంలో ఖజానా లెక్క ఎంత ఉందో, ఆ తల్లుల కోపం కూడా అంత ఉంది. మా వార్డెన్ ఆంటీ ఆ జగ్గుని చూసి ఎందుకు ఉలిక్కిపడిందో నాకు తర్వాత అర్థమైంది. మాకు అది యూట్యూబ్ సరదా. ఆమెకు గుర్తొచ్చింది ఇంకేదో.

అయినా ఒక తేడా మిగిలింది. 2015లో తెలంగాణ మైక్రోబ్రూవరీలకి రూల్స్ తెచ్చింది. ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో అద్దం వెనక మెరిసే రాగి రంగు మాష్ టన్ చూస్తూ, దాని పక్కనే కూర్చుని తాగొచ్చు, 21 ఏళ్లు నిండితే. డబ్బుండి లైసెన్స్ కట్టగలిగితే అదే పాత్ర షోపీస్. హాస్టల్ రూమ్‌లో అయితే సాక్ష్యం. చట్టం మారాలా వద్దా అనేది మీరు ఆలోచించండి. నేను మాత్రం ఇంట్లో ట్రై చేయమని చెప్పను. కేసు పడితే పాస్‌పోర్ట్ దగ్గర, ఉద్యోగం దగ్గర వెంటాడుతుంది. అమీర్‌పేటకి వచ్చిందే ఆ ఉద్యోగం కోసం కదా.

ఇప్పుడు అసలు ట్విస్ట్. మాష్ టన్ తెలుగు నేల మీద బీర్ కోసం మాత్రమే లేదు. విలియం, జేమ్స్ అనే ఇద్దరు ఇంగ్లిష్ అన్నదమ్ములు అమెరికా వెళ్లి 1873లో ఒక కంపెనీ పెట్టారు. మాల్ట్ చేసిన బార్లీ, గోధుమ పిండి వేడి నీళ్లలో మాష్ చేసి, ఆ తియ్యటి రసంలో పాలు కలిపి, నీరంతా ఆవిరి చేసి పొడి చేశారు. 1883లో పేటెంట్ తీసుకున్నారు. వాళ్ల ఇంటిపేరు హార్లిక్. అవును, మన హార్లిక్సే! ఈస్ట్ దగ్గరికి వెళ్లకుండా ఆగిపోయిన బీర్ దారి అది. పంజాబ్‌లోని నాభా తర్వాత, 1970ల్లో ఆ ఫ్యాక్టరీ ఎక్కడికి వచ్చిందో తెలుసా? రాజమండ్రి పక్కన ధవళేశ్వరానికి. మావాడి సొంత ఊరు! వాళ్లమ్మ చిన్నప్పుడు గ్లాసులో కలిపి ఇచ్చిన దాన్నే వాడు అమీర్‌పేటలో జగ్గులో చేయాలనుకున్నాడు. ఒక్క మెట్టు ఎక్కువ ఎక్కబోయాడు, అంతే.

మాషింగ్ కళ్లారా చూడాలంటే లీగల్‌గా ఒక పద్ధతి ఉంది. రాగి జావ చిక్కగా కాచి, 65 డిగ్రీలకి చల్లారనివ్వండి. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన రాగి పిండి ఒక చెంచా వేసి కలిపి మూతపెట్టండి. గరిట నిలబడేంత చిక్కటి జావ కాసేపట్లో పలచబడి తియ్యబడుతుంది. వెంటనే మళ్లీ ఒక పొంగు రానిచ్చి తాగేయండి. డయాస్టేజ్ మీ గిన్నెలో పనిచేసింది. జొన్న మొలకలతో మాత్రం వద్దు, వాటిలో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది.

మావాడి జగ్గు ఏమైందంటారా? మర్నాడు పొద్దున వార్డెన్ ఆంటీ చేతిలోనే పెట్టేశాడు. ఆ ఎండాకాలం అంతా హాస్టల్ గుమ్మం దగ్గర స్టూల్ మీద అందులో మజ్జిగ ఉండేది. అడుగున ఆ చిల్లుల పళ్లెం అలాగే ఉంది. కరివేపాకు కుళాయికి అడ్డం పడకుండా బాగుందని ఆంటీ తియ్యనివ్వలేదు.

మీ ఇంట్లో మాల్ట్ ఎలా చేస్తారో, మీ ఊళ్లో దాన్ని ఏమంటారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.