వేదికెక్కి తిన్న రబ్బీ

1848లో విల్నా నగరంలో కలరా చెలరేగింది. నేటి లిథువేనియా రాజధాని విల్నియస్ అదే. అప్పుడు రష్యా జారు ఏలుబడిలో ఉండేది. రోగం ఇంకా సద్దుమణగక ముందే యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ వచ్చిపడింది.

ఇది మన ఏకాదశిలా పాలూ పళ్లతో సరిపుచ్చుకునే ఉపవాసం కాదు. ముందురోజు పొద్దుగూకింది మొదలు మర్నాడు చుక్కలు పొడిచేదాకా, సుమారు 25 గంటలు, గుక్కెడు నీళ్లయినా ముట్టరు. స్నానం లేదు, కాళ్లకు తోలు చెప్పులుండవు. ఏడాదంతా ఏ నియమమూ పట్టని వాళ్లు కూడా ఈ ఒక్కరోజూ ప్రార్థనా మందిరమైన సినగాగుకు వస్తారు. కలరా చూస్తే ఒంట్లో నీటినంతా తోడేసే జబ్బు. అది నీళ్ల వల్లే వ్యాపిస్తుందన్న వైద్యుడు జాన్ స్నో వాదన లండన్‌లో మరుసటి ఏడాదిగానీ అచ్చు కాలేదు. ఉపవాసంతో నీరసించినవాళ్లను రోగం ఇట్టే పట్టుకుంటుందన్న భయం మాత్రం విల్నాలో ఉంది.

ఊళ్లో రబ్బీ (యూదు మతగురువు) ఇజ్రాయెల్ లిప్కిన్ ఉన్నారు. సలాంట్‌లో చదువుకున్నందున అందరూ ఆయన్ను సలాంటర్ అనేవారు. శాస్త్ర పాండిత్యం ఒక్కటే చాలదు, నడవడినీ సాధన చేయాలన్న ముసార్ ఉద్యమానికి మూలపురుషుడు. అప్పటికి నలభై దాటలేదు. ఈసారి ఉపవాసం వద్దు, ప్రార్థనలు కుదించండి, కాస్త గాలి పట్టున తిరగండి అని ఆయన సినగాగుల్లో నోటీసులు అంటించారట. పర్వదినాన ఉదయం ప్రార్థన ముగియగానే వేదికెక్కి, అందరూ చూస్తుండగా తిన్నారట.

శాస్త్రం ఇందుకు అడ్డు చెప్పదు. యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లో ఈ పర్వం గురించి చెప్పే భాగం యోమాలోనే ఆ వెసులుబాటు ఉంది: రోగికి ఆహారం పెట్టాలి; వైద్యులు అక్కర్లేదన్నా రోగి కావాలంటే రోగి మాటే చెల్లుతుంది. విగ్రహారాధన, హత్య, వ్యభిచారం తప్ప తక్కిన నిషేధాలన్నీ ప్రాణం ముందు పక్కకు తప్పుకోవాల్సిందే. అయినా ఆ రోజున ముద్ద మింగుడు పడొద్దూ? పాపాలకు క్షమాపణ వేడుకునే రోజున, అనుమతి ఉన్నా చెయ్యి ముందుకు రాదు. గోడమీద కాగితం ఆ జంకును పోగొట్టలేదు. తామెంతో గౌరవించే మనిషే ముందుగా తిని చూపించాలి. రోగులకిచ్చిన సడలింపును ఆరోగ్యవంతులకెలా వర్తింపజేస్తారని ఊరి పెద్దలు కొందరు మండిపడ్డారని కూడా అంటారు. ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం.

అసలాయన తిన్నారా? కథనాలు ఒకదానితో ఒకటి పొసగవు. అనుమతి ప్రకటించి ఊరుకున్నారని కొందరంటారు. హీబ్రూ రచయిత డేవిడ్ ఫ్రిష్మన్ తన కథలో ఏకంగా ముగ్గురు రబ్బీల చేత తినిపించాడు. ఫ్రిష్మన్ పుట్టిందే 1859లో. అందుకని ఆయన లెక్కను సాక్ష్యంగా తీసుకోలేం. నోటీసుల మాట వరకు నాకు నమ్మబుద్ధవుతుంది.