క్లిక్కునకు వెల: వ్యాపార ప్రకటనల చరిత్రలో ఒక అధ్యాయము

సరకు తయారుచేయుట ఎంత ముఖ్యమో, అది ఫలానా చోట దొరకునని నలుగురికి తెలుపుటయు అంత ముఖ్యమే. కాని ప్రకటనకై వెచ్చించిన సొమ్ములో ఎంత ఫలించినది, ఎంత వృథా అయినది అను ప్రశ్న వర్తకులను చిరకాలము వేధించినది. దీనికి లెక్కల మూలమున సమాధానము కనుగొన యత్నించినవారిలో అమెరికా దేశీయుడగు క్లాడ్ హాప్కిన్స్ ముఖ్యుడు. పత్రికా ప్రకటనలో ఒక కూపనును చేర్చి, ఏ ప్రకటనకు ఎన్ని కూపనులు తిరిగివచ్చినవో లెక్కించి, దాని మంచిచెడ్డలు నిర్ణయించు పద్ధతిని ఆయన 1923లో ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ అను గ్రంథమున వివరించెను.

ఇంటర్నెట్ వచ్చిన పిదప ఈ లెక్క సులభమైనట్లు తోచినది. 1994 అక్టోబరులో ‘హాట్‌వైర్డ్’ అను ఇంటర్నెట్ పత్రికలో ప్రకటన పటములు వెలసినవి. అయితే చూచినవాడు పట్టించుకొన్నను, పట్టించుకొనకున్నను వర్తకునికి ఖర్చు తప్పలేదు. 1998లో కాలిఫోర్నియాలో బిల్ గ్రాస్ నెలకొల్పిన ‘గోటు’ అను సెర్చి ఇంజను ఈ పద్ధతిని మార్చినది. కోరిన మాటను వ్రాసినచో దానికి సంబంధించిన పుటలను వెదకి చూపు సాధనమే సెర్చి ఇంజను. చెప్పులు కావలసినవాడు ‘చెప్పులు’ అని వ్రాయును. అనగా తన అవసరమును తానే చెప్పుకొనుచున్నాడు. గ్రాస్ అట్టి మాటలను వేలమునకు పెట్టెను. హెచ్చు పాట పాడిన వర్తకుని పేరు పైన కనబడును. చూచినవాడు దానిని నొక్కినప్పుడే, అనగా క్లిక్కు చేసినప్పుడే, వర్తకుడు సొమ్ము చెల్లించవలెను.

ఈ వేలములో ఒక చిక్కు కలదు. పాడినంతయు చెల్లించవలసి యుండుటచే, ఒకడు 10 సెంట్లనగా రెండవవాడు 11 అనును. మొదటివాడు 12 అనును. ఇట్లు పెరిగి పెరిగి ఒకడు విరమించుకొనగానే పాట దిగిపోవును. మరల పెరుగుట మొదలగును. 2000 అక్టోబరులో ప్రకటనల విభాగమును ప్రారంభించిన గూగుల్ సంస్థ 2002 ఫిబ్రవరిలో మరియొక పద్ధతి అవలంబించినది. ఇందులో వర్తకుడు తాను పాడినదంతయు చెల్లించనక్కరలేదు. తన క్రిందివానికంటె పైన నిలుచుటకు చాలినంత చెల్లించిన చాలును. అంతేగాక, ప్రకటనను ఎందరు నొక్కుదురను అంశమును కూడ లెక్కలోనికి తీసికొనిరి. 20 సెంట్లు పాడినవాని ప్రకటనను నూటికి ఒకరు, 10 సెంట్లు పాడినవాని ప్రకటనను నూటికి నలుగురు నొక్కుదురనుకొందము. మొదటిదానివలన 20 సెంట్లు, రెండవదానివలన 40 సెంట్లు రావచ్చును. కనుక తక్కువ పాడినవాడే పైకి వచ్చును.

అయినను, ఎంతవరకు పాడవచ్చునో వర్తకుడే తేల్చుకొనవలెను. నూరు క్లిక్కులకు ఇద్దరు కొందురనియు, ఒక్కొక్క అమ్మకమునకు 300 రూపాయలు మిగులుననియు అనుకొందము. నూరు క్లిక్కులవలన వచ్చునది 600 రూపాయలు. అనగా క్లిక్కు ఒక్కింటికి 6 రూపాయలు. అంతకు మించినచో నష్టమే. స్వల్ప లాభమునకు అమ్ముడగు సరకులకు ఈ ప్రకటన గిట్టకపోవుట ఇందువలననే.

ఈ లెక్కలోను ఒక లోపము దాగియున్నది. క్లిక్కు చేసి కొన్నవాడు ప్రకటన లేకున్నను కొనియుండెడివాడేమో! తన కోడి కూయనిదే ఊరికి తెల్లవారదని నమ్మిన ముసలమ్మ కథ మనకు తెలిసినదే. కోడిని ఒకనాడు దాచి చూచినగాని నిజము తేలదు.

‘ఈబే’ అను అమ్మకపు సంస్థ అట్లే చేసినది. 2012 మార్చిలో, తన పేరునే వ్రాసి వెదకువారికి చూపు ప్రకటనలను రెండు సెర్చి ఇంజనులలో ఆపివేసినది. ఆ క్లిక్కులలో నూటికి 99.5 వంతులు, వెల చెల్లింపనక్కరలేని మామూలు ఫలితముల ద్వారా తిరిగి వచ్చినవి. పిమ్మట అమెరికాలో సుమారు నూటికి 30 వంతుల ప్రాంతములలో ఇతర మాటలకు ఇచ్చు గూగుల్ ప్రకటనలను కూడ ఆపి, మిగిలిన ప్రాంతములతో పోల్చిచూచిరి. తరచుగా కొనువారి విషయమున ప్రకటనవలన చెప్పుకోదగిన ప్రయోజనము కనబడలేదు. క్రొత్తవారి విషయమున, అరుదుగా కొనువారి విషయమున మాత్రము ప్రయోజనము కనబడినది. బ్లేక్, నోస్కో, టడేలిస్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ ఫలితములను 2015లో ‘ఎకనమెట్రికా’ పత్రికలో ప్రకటించిరి. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున రొనాల్డ్ ఫిషర్ పొలమును మడులుగా విభజించి, కొన్నింటికి ఎరువు వేసి, కొన్నింటికి వేయక, పంటలను పోల్చిన న్యాయమే ఇచటను పనిచేసినది.

కాబట్టి ఈ ప్రకటన ఎవరికి తగును? ఎల్లరు ఎరిగిన పేరు గల సంస్థకు, తన పేరును తానే వేలములో కొనుటవలన కలుగు లాభము స్వల్పము కావచ్చును. ఎవరును ఎరుగని క్రొత్త వస్తువును కనిపెట్టినవానికిని ఇది అంతగా తోడ్పడదు. పేరే తెలియని వస్తువును వెదకువారుండరు గదా! జనులు వెదకు సరకును అమ్ముచు, పేరు ఇంకను పాకని వర్తకునికి మాత్రము ఇది మేలు చేయవచ్చును. అతడును మొదట కొలది సొమ్ముతో, కొన్ని ఊళ్ళలో ప్రకటించి, కొన్ని ఊళ్ళలో మానివేసి, అమ్మకములను పోల్చిచూడవలెను. క్లిక్కులను లెక్కించు పని యంత్రము చేయును. ప్రకటన లేకున్న ఏమగునను ప్రశ్నను మాత్రము వర్తకుడే వేసికొనవలెను.