గుడిలోకి వెళ్లగల దూత

నల్లరేగడిలో పత్తికి నప్పిన సేద్యం ఎర్రనేలకు అచ్చంగా నప్పదని వినుకొండ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మనిషి బాగుపడే మార్గాల దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ ఇంగితం మరచిపోతాం. కష్టపడి చదువు, మంచి గురువును ఆశ్రయించు, పెద్దల బాటలో నడువు అంటూ అందరికీ ఒకే మందు పోస్తాం. 1859లో శామ్యూల్ స్మైల్స్ రాసిన ‘సెల్ఫ్ హెల్ప్’ నుంచి నేటి వ్యక్తిత్వ వికాస పుస్తకాల దాకా చాలావాటి వరస ఇదే. ఆ మందు ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో తెలియాలంటే 1895 సెప్టెంబరు 28న ఈ వినుకొండలోనే పుట్టిన గుర్రం జాషువా జీవితం చూడాలి.

గురువును ఆశ్రయించమనే సలహాలో, ఆ గురువు గడప తొక్కనిస్తాడన్న నమ్మకం దాగి ఉంది. యాదవ తండ్రికి, మాదిగ తల్లికి పుట్టిన క్రైస్తవ బాలుడికి ఆ నమ్మకం లేదు. వినుకొండ అవధాన సభలో కొప్పరపు సోదర కవులను మెచ్చుకుంటూ పద్యాలు చదివితే, ఇతణ్ని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించారు. జాషువా పద్యం వదల్లేదు. పద్యం దాకా చేరే దారి మార్చుకున్నాడు. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల కొలువు. అదీ పోయాక 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, సంభాషణలు చదివే పని. ఆపైన గుంటూరు లూథరన్ శిక్షణాలయంలో పంతులు ఉద్యోగం. దొరికిన బతుకుతెరువుల నడుమే చదువు సాగించి ఉభయభాషా ప్రవీణుడయ్యాడు.

ఈ సర్దుబాటు ఆయన కావ్యంలోనూ కనిపిస్తుంది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం చదువుకున్న జాషువా, 1941లో ‘గబ్బిలం’ వెలువరించాడు. కాళిదాసు కావ్యంలో యక్షుడి కబురు అందాల్సింది భార్యకు, కాబట్టి దూతగా మేఘం సరిపోయింది. జాషువా కావ్య నాయకుడి మొర వినాల్సింది శివుడు. ఆ నాయకుడికేమో గుడి ప్రవేశం లేదు. గర్భగుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని మాత్రం ఏ పూజారీ కులం అడగడు. పద్యమూ సందేశకావ్య మర్యాదా అలాగే ఉన్నాయి, దూత మారింది.

పరిస్థితికి తగ్గట్టు సర్దుకోవడమంటే అన్యాయానికి తలొగ్గడమేనని కొందరనవచ్చు. గురిని తగ్గించుకుంటే ఆ మాట నిజమే. జాషువా మార్చింది పద్ధతిని. గురి చెక్కుచెదరలేదు, పైగా ఆ పద్ధతితోనే అన్యాయాన్ని నిలదీశాడు. అంతటి ప్రతిభ అందరికీ ఉండదన్న మాటా సబబే. అయితే చదువు చెప్పిన శాస్త్రి లేకపోతే ఆ ప్రతిభకూ మేఘసందేశం అందేది కాదేమో. స్వయంకృషిని పొగిడేవారు ఇలాంటి సాయాన్ని లెక్కలోంచి జార్చేస్తారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ ఆయనకు వచ్చాయి. వాటిని చూపి పిల్లలకు ‘అలా కష్టపడు’ అని చెప్పి ఊరుకోవద్దు. ఎవరైనా మీకు దారి చూపిస్తే, ఆ దారిలో వారికి ఏయే తలుపులు తెరిచి ఉన్నాయో ముందు వారినే అడగండి.